యుద్ధక్రీడలో తీర్పరి

శ్రోతలకు నమస్కారం.

ఒక పటం, దాని మీద బలగాలను సూచించే దిమ్మెలు, ఎదురెదురుగా రెండు పక్షాలు, మధ్యలో తీర్పరి. ప్రష్యా సైన్యాధికారి రైస్‌విట్జ్ 1824లో రూపొందించిన యుద్ధక్రీడ స్వరూపం ఇది. ఒక్కో ఎత్తు రెండు నిమిషాల పోరుతో సమానం. నష్టమెంతో పాచికలు తేలుస్తాయి. మన పులిజూదంలో పులులూ మేకలూ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటాయి గాని, ఇక్కడ తన బలగాల కంటికి ఆనినంత మేరకే తీర్పరి ఆటగాడికి చెబుతాడు. ఆ అరకొర సమాచారంతోనే, వ్యవధి మించిపోకుండా ఉత్తర్వు రాసివ్వాలి. 1942లో లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ బృందం ఒక గది నేలనే అట్లాంటిక్ సముద్రంగా చేసి, తెరల కన్నాల్లోంచి మాత్రమే చూడనిస్తూ, జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కోవడం నౌకాధికారులకు ఇలాగే నేర్పింది.

అయితే తీర్పరి మొహమాటపడితే ఈ శ్రమంతా వృథా. అదే ఏడాది పసిఫిక్ సముద్రంలోని అమెరికా స్థావరం మిడ్‌వే మీద దాడికి ముందు జపాను నౌకాదళం ఆడిన ఆటలో తమ నౌకలకు తొమ్మిది బాంబులు తగిలాయని, తమ విమానవాహక నౌకలు రెండు మునిగాయని పాచికలు తేల్చాయి. ఆటను నడిపిస్తున్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుకు తగ్గించి, ఒక్క నౌకే మునిగిందన్నాడని, తరువాతి అంకంలో అదీ తిరిగి తేలిందని ఫుచిదా అనే అధికారి రాశాడు. జూన్‌లో జరిగిన అసలు యుద్ధంలో ఆ రెండింటితో కలిపి నాలుగు మునిగాయి.

ఈ పద్ధతి నెల్లూరుకు ఎంతో అవసరమని నా నమ్మకం. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతిన్నది, జాతీయ రహదారి తెగింది. ఏ గంటకు ఏమవుతుందో ముందే చెప్పి చేసే మాక్ డ్రిల్ పడవలను, తాళ్లను పరీక్షిస్తుంది గాని, నిర్ణయం తీసుకోవలసినవారిని పరీక్షించదు. అధికారులందరినీ పటం చుట్టూ కూర్చోబెట్టి, సోమశిల గేట్లు ఎత్తారని ఒక చీటీ, అరగంటకు కోవూరు దారి మూసుకుపోయిందని మరో చీటీ, ఆపైన ఫోన్లు పనిచేయడం లేదని ఇంకొకటి అందిస్తే, ఏ ఊరిని ముందు ఖాళీ చేయించాలో, పునరావాస కేంద్రంలో అన్నం వండించే పూచీ ఎవరిదో అక్కడికక్కడే తేల్చుకోవలసి వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు రాకముందే, అంటే సెప్టెంబరులోనే, ఈ ఆట ఆడించాలి. తీర్పరి మాత్రం పొరుగు జిల్లా నుంచి రావాలి. ఇక్కడి కలెక్టరు కింద పనిచేసేవారు ఆయన నిర్ణయం తప్పిందని ఆయన ముందే చెప్పలేరు.