సాయంత్రం ఏడు దాటితే

శ్రోతలకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు అయిపోయాయంటే బజారులో కొత్త ముఖాలు కనిపిస్తాయి. బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే కుర్రాడు, ఫ్యాన్సీ షాపులో గాజుల డబ్బాలు అందించే అమ్మాయి. ఇంటర్ ఫీజుకో, ఇంటి అవసరానికో వస్తారు. పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 14 నిండి 18 నిండనివాళ్లను పెట్టుకోవచ్చు. అయితే 1986 నాటి బాలకార్మిక చట్టం, దానికి 2016లో వచ్చిన సవరణ కొన్ని షరతులు పెట్టాయి.

వాటిలో మన దుకాణదారులకు మింగుడుపడనిది వేళ. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా వాళ్లతో పని చేయించకూడదు. మనకేమో బేరాలు ఊపందుకునేదే ఏడింటికి. "ఇంకో అరగంట ఉండరా, జనం తగ్గాక వెళ్దువుగాని" అంటాం. ఆ అరగంట తొమ్మిదిన్నర అవుతుంది. పొద్దుటి నుంచి నిలబడ్డ పిల్లాడు కాళ్లు పీకుతుంటే, లారీలు తిరిగే రోడ్డు మీద చీకట్లో సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోతాడు. సాయంత్రం రద్దీకి పెద్దవాళ్లనే పెట్టుకోండి. అది కుదరకపోతే పిల్లల్ని అసలు పెట్టుకోవద్దని నా విన్నపం.

మూడు గంటలు పనిచేస్తే కనీసం గంట విరామం ఇవ్వాలి. ఆ విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు. ఓవర్‌టైం లేదు, పండగ సీజనైనా సరే. వారానికి ఒక రోజు పూర్తి సెలవు.

గనులు, మందుగుండు, మంటలంటుకునే సరుకు ఉన్నచోట ఈ వయసువాళ్లను అసలు పెట్టకూడదు. మెకానిక్ షెడ్డులో పళ్లెంలో పెట్రోలు పోసి, ఒట్టి చేతులతో బైకు చెయిన్ కడుగుతున్న పిల్లాణ్ణి మీరూ చూసే ఉంటారు. పక్కనే ఎవరో బీడీ ముట్టిస్తారు. పని నేర్పడమంటే అది కాదండీ. ముందు పానాల పేర్లు చెప్పండి, నట్టు బిగించడం చూపించండి.

చేరిన రోజే టెన్త్ మెమో చూసి పుట్టినతేదీ రాసుకోండి. రిజిస్టరులో పేరు, పనివేళలు, విరామం, చేసే పని ఉండాలి. ముప్పై రోజుల్లోగా కార్మికశాఖ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పద్నాలుగు నిండనివాళ్లను పెట్టుకున్నా, పెద్దపిల్లల్ని ప్రమాదకరమైన పనిలో దించినా ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి.

పనికి వెళ్లే పిల్లలెవరైనా ఇది వింటుంటే, అమ్మా, నాన్నా, పిల్లల హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు 1098 గుర్తుపెట్టుకోండి. ఏ వేళ చేసినా పలుకుతారు, డబ్బులు పడవు.