హైదరాబాద్ చౌక అని మీకు ఎవరు చెప్పారండీ?

నమస్కారం. మళ్లీ అదే గొడవ. హైదరాబాద్ చౌకా, బెంగళూరు చౌకా? హైదరాబాద్ వాళ్ల చేతిలో ఆయుధం, నగరాల జీవన వ్యయాన్ని పోల్చే మెర్సర్ సంస్థ జాబితా. 2024లో 226 నగరాల్లో బెంగళూరుది 195వ స్థానం, హైదరాబాద్‌ది 202. స్థానం కిందికి జారేకొద్దీ ఖర్చు తక్కువ అని అర్థం. ఇంకేముంది, ఏడు మెట్లు చౌక అని పండగ చేసుకుంటున్నారు!

ఆ జాబితా మన కోసం కాదండీ బాబూ! బహుళజాతి కంపెనీలు ఉద్యోగులను విదేశాలకు పంపేటప్పుడు జీతం లెక్కకట్టడానికి వేసిన పట్టిక అది. న్యూయార్క్‌ను కొలబద్దగా పెట్టి మిగతా ఊళ్లను తూస్తారు. డాలరు ముందు రూపాయి పడిపోతే చాలు, మీ రైతుబజారులో టమాటా ధర పైసా తగ్గకపోయినా మీ ఊరు చౌక అయిపోతుంది. కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో ఉండే మనిషికి దానితో ఏమిటి పని?

నా లెక్క ఒక్కటే. అద్దెలో మిగిలింది రోడ్డు మింగేస్తుంది! సబ్బు మీద ముద్రించిన ధర ఏ ఊళ్లోనైనా ఒకటే. తేడా అంతా ఇంటి దగ్గర, దారిలో. ఐటీ ఆఫీసులుండే గచ్చిబౌలిలో అద్దె కట్టలేక ఊరికి అటు చివర ఉన్న హయత్‌నగర్ వెళ్తారు. బండి తీస్తే, 2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటింది. ఖరీదైన ఊరని మనం వెక్కిరించే బెంగళూరులో 103 లోపే! పోనీ మెట్రో అంటే, అది ఇటు ఎల్‌బీ నగర్ దాటి రాదు, అటు రాయదుర్గం దాటి పోదు. మధ్యలో అమీర్‌పేటలో రైలు మారాలి, రెండు చివర్లా ఆటో ఎక్కాలి. పైగా 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 చేశారు, జనం గోల పెడితే 69కి దించారు. బెంగళూరువాళ్లు నవ్వకండి, అదే ఏడాది ఫిబ్రవరిలో మీది 60 నుంచి ఏకంగా 90!

అన్నట్టు, బెంగళూరులో నేనూ ఉన్నాను. పది నెలల అద్దె అడ్వాన్సు కట్టాను. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె కోసేశారు. గోడకు మేకు రంధ్రం ఉందట! నేను దిగిన రోజే ఆ మేకుకు పాత క్యాలెండర్ వేలాడుతోంది. ఈ ఖర్చు ఏ జాబితాలో ఉందో చూపించండి.

నా లెక్క నమ్మరా? 2023 నుంచి రెండు చోట్లా ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సు ఉచితం. అదే ఇల్లు, అదే అద్దె, అదే వంట. భార్య ఆఫీసుకు సున్నా ఖర్చుతో వెళ్తుంది, భర్త నెలనెలా పెట్రోలు పోయిస్తాడు. ఒకే కప్పు కింద ఇద్దరికి రెండు ఊళ్ల ఖర్చు! ఇక హైదరాబాద్ ఖర్చు ఇంత అని ఒక్క అంకె ఎలా వేస్తారండీ?

కామెంట్లలో తిట్టేవాళ్లు తిట్టండి. కానీ అద్దె ఒక్కటే రాసి పారిపోకండి. ఇంటి నుంచి ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లో, దేని మీద వెళ్తున్నారో కూడా రాయండి. వచ్చే వీడియోలో అవే చదువుతాను.