అభిషిక్తుణ్ణి లెక్క అడగొచ్చా?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: గాజువాక వైపు స్వతంత్ర సంఘం నడుపుతున్న ఒక పాస్టరు, సంఘ ట్రెజరర్‌గా చేసిన స్టీల్‌ప్లాంట్ రిటైర్డ్ ఉద్యోగి, వేదాంత కళాశాల అధ్యాపకురాలు.)

యాంకర్: అందరికీ వందనాలు. ట్రెజరర్ గారూ, మీరు బాధ్యత ఎందుకు వదిలేశారు?

ట్రెజరర్: గొడవేం కాలేదండి. ఒక ఖర్చుకి కాగితం కనబడలేదు. మా పాస్టరు గారిని అడగాలి. నోరు రాలేదు. మా నాన్నగారు పోయిన రాత్రి కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర తెల్లవార్లూ నా పక్కన కూర్చున్న మనిషాయన. మా అమ్మాయి పెళ్ళి చేసిందీ ఆయనే. అలాంటాయన్ని పట్టుకుని "అయ్యగారూ, ఓచర్ ఏదండీ?" అని ఎలా అడగను? ఆఫీసులో పైఅధికారినైతే అడిగేవాణ్ణి.

పాస్టరు: నిజం చెప్తున్నానండి, నన్నడిగినా నొచ్చుకుంటాను. అర్ధరాత్రి ఫోనొస్తే లేచి వెళ్తాం. ఇంతని జీతం ఉండదు, ఆదివారం కానుకే ఆధారం. ఆపైన లెక్క అడిగితే నమ్మకం లేదన్నట్టే కదా!

అధ్యాపకురాలు: పౌలుకి అలా అనిపించలేదండీ. యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందా విషయంలో, తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి కూడా పంపాడు, ఎవరూ తప్పుపట్టకుండా. బైబిల్లో రెండో కొరింథీ పత్రిక, 8వ అధ్యాయం. అపొస్తలుడికి లేని నామోషీ మనకెందుకు?

యాంకర్: "అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న వాక్యం చూపిస్తారు కదా వెంటనే.

అధ్యాపకురాలు: 105వ కీర్తన. చిక్కేమిటంటే, దాని పైనున్న వచనాలు ఎవరూ చదవరు. అక్కడ ఉన్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది. సొంత నేల లేక దేశం నుంచి దేశానికి తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళ జోలికి పోవద్దని దేవుడు గద్దించింది రాజుల్ని! బలం లేనివాళ్ళకి అండగా ఉన్న మాటని, మైకు చేతిలో ఉన్నాయన చాప మీద కూర్చున్నవాళ్ళ మీదకి తిప్పితే ఎలా?

పాస్టరు: అది ఒప్పుకుంటాను. కానీ పెత్తనమంతా పాస్టరు దగ్గరే ఉంటుందనుకోకండి. నలుగురు పెద్దలు ఒక్కటైతే పాస్టర్ని సామాన్లు సర్దించేస్తారు. ఏ ఊరి బంధువర్గం ఎక్కువుంటే వాళ్ళ మాటే సాగుతుంది.

ట్రెజరర్: కమిటీ ఎలక్షన్లొస్తే చూడాలండి, కార్పొరేషన్ ఎలక్షన్లు ఏం పనికొస్తాయి!

అధ్యాపకురాలు: ఇంతసేపూ ఇద్దరూ పాస్టరమ్మ గారి, అదే పాస్టరు గారి భార్య ఊసే ఎత్తలేదు. (నవ్వులు) ఏ రికార్డులోనూ ఆవిడకి పదవుండదు, జీతం అసలే ఉండదు. అయినా అయ్యగారికి కష్టం చెప్పుకోవాలంటే ముందు ఆవిడకే చెప్పాలి. ఎవరింట్లో ప్రార్థన కూటం, ఎవరు పాట ఎత్తుకోవాలి, అంతా ఆవిడే. ఆవిడకి సెలవూ లేదు, ఆవిడ మీద ఫిర్యాదు చెయ్యడానికి చోటూ లేదు. అందుకే స్త్రీలకి పేరున్న పదవే ఇవ్వమంటాను. 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్. అక్కడ ఎవరిని ఏం అడగాలో అందరికీ తెలుసు.

యాంకర్: మన ఊళ్ళో ఈ సంఘాల కథ 1805 నాటిది కదా, లండన్ మిషనరీలు వచ్చినప్పటి నుంచి.

అధ్యాపకురాలు: క్రాన్, డెస్ గ్రాంజెస్. సువార్తల్ని తెలుగు చెయ్యడం ఇక్కడే మొదలుపెట్టారు. వాళ్ళకి సాయపడిన ఆనందరాయర్ పేరు మాత్రం మన సంఘాల్లో పెద్దగా వినబడదు. వందేళ్ళు దాటాక, 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మన దేశపు క్రైస్తవ నాయకుడు వి.ఎస్. అజరయ్య మిషనరీల ఎదుటే అడిగారు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితుల్నివ్వండి అని. రెండేళ్ళకి ఆయనే దోర్నకల్ బిషప్. మేలు చేసినవాళ్ళ పక్కన మేలు పొందినవాళ్ళు సమానంగా కూర్చోలేకపోతున్నారన్నది ఆయన బాధ. దొరలు వెళ్ళిపోయారు. ట్రెజరర్ గారు ఇందాక చెప్పింది ఆ బాధే, ఇప్పుడు మనలో మనకి.

ట్రెజరర్: నేనడిగేది చిన్నదమ్మా. ఆదివారం కానుకని ముగ్గురు లెక్కపెట్టాలి, అందులో పాస్టరు గారి ఇంటివాళ్ళు ఉండకూడదు. సంతకాలు చేసి బోర్డుకి అంటించాలి. వారంవారం అది జరిగిపోతే, నేను ఆయన్ని నిలబెట్టి అడిగే పనే ఉండదు.

పాస్టరు: అది మేం చెయ్యగలం.

యాంకర్: మీ తర్వాత సంఘం ఎవరికి, అయ్యగారూ?

పాస్టరు: మా పెద్దాడు సెమినరీలో ఉన్నాడు. వాడు నిలబడతానంటే సంఘం ఓటెయ్యాలి, చీటీల మీద. ఆవేళ నేనూ మా ఆవిడా అక్కడ ఉండకూడదు.

అధ్యాపకురాలు: ఆ సంగతి ట్రస్ట్ డీడ్‌లో ఉందా అండీ?

పాస్టరు: లేదు. రాయించాలి.

ట్రెజరర్: ఎప్పుడండీ?