దుమ్ము అణగాలి కదమ్మా: ఒక్క రన్‌వే, రెండు నిమిషాల లెక్క

నేను: నమస్కారం. ఈ వారం స్టూడియో లేదు, పిన్నివాళ్ళ డాబా మీద కూర్చున్నాం. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. పక్కన మా బాబాయ్. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా రిటైరయ్యాడు, సర్వీసులో ఎక్కువ భాగం ముంబయిలోనే. బాబాయ్, ముందు నా గొడవ తేల్చు. మొన్న ఒక ఊరి నుంచి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాను. తలుపులు వేశారు, బెల్టులు పెట్టుకున్నాం. నలభై నిమిషాలు కదిలితే ఒట్టు. బయట చూస్తే మబ్బు తునక కూడా లేదు.

బాబాయ్: పైలట్ ఏమన్నాడు?

నేను: ఏటీసీ, అంటే మీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ఇంకా వదల్లేదన్నాడు. విమానమంతా మిమ్మల్నే తిట్టుకుంది.

బాబాయ్: (నవ్వు) అలవాటే. దాని దగ్గరికి వస్తాను, ముందు ముంబయి సంగతి విను. అక్కడ రన్‌వేలు రెండు. కానీ కత్తెరలాగా ఒకదాని మీంచి ఒకటి పోతాయి. అందుకని ఒకసారికి ఒక్కటే. దిగేవీ ఎగిరేవీ అన్నీ దాని మీదే. 2018 డిసెంబరులో ఒక్క రోజులో 1,007 విమానాలు నడిపారు.

నేను: రోజుకి 1,440 నిమిషాలు... అంటే ఒక్కోదానికి నిమిషంన్నర కూడా లేదు!

బాబాయ్: తెల్లవారుజామున ఖాళీ సమయం కూడా కలుపుకుంటేనే అది. రద్దీ వేళ ఇంకా బిగువు. దిగడానికి వచ్చేదాన్ని గాల్లో నిలబెట్టలేం. కాబట్టి దిగేవాటి మధ్య సందు చూసి ఎగిరేదాన్ని దూర్చాలి. ఒక విమానం దిగి ఇంకా రన్‌వే మీద పరిగెడుతుండగానే, ఎగరాల్సినదాన్ని లోపలికి పిలుస్తాం, ‘లైనప్ అండ్ వెయిట్’ అని, అంటే రన్‌వే మీదకొచ్చి నిలబడి ఆగమని. దిగింది పక్కకి తిరిగి, దాని తోక కూడా రన్‌వే బయటి గీత దాటాక ‘క్లియర్డ్ ఫర్ టేకాఫ్’, ఇక ఎగరొచ్చని. ఈలోపు ఇంకొకటి నాలుగు మైళ్ళలో ఉంటుంది. చివర్లో అది నిమిషానికి రెండు మైళ్ళకి పైనే వస్తుంది. అంటే నీ చేతిలో ఉన్నది నిమిషంన్నర చిల్లర. ఎగిరేది పరిగెత్తి లేవడానికే ముప్పావు నిమిషం కావాలి.

నేను: మరి పైలట్ వెంటనే కదలకపోతే?

బాబాయ్: అక్కడే టెన్షన్. ‘క్యాబిన్ ఇంకా రెడీ కాలేదు’ అన్నాడో, వచ్చేదాన్ని మళ్ళీ పైకి పంపాల్సిందే. గో అరౌండ్. అది చుట్టు తిరిగి లైనులో దూరాలి, దానికోసం వెనకాలవాళ్ళందరినీ సర్దాలి. అందుకే రన్‌వే మీదకి పిలవకముందే అడుగుతాం, వెంటనే బయల్దేరడానికి సిద్ధమా అని.

నేను: అయితే క్యూలో ముందొచ్చినవాడిదే ముందు వంతా?

బాబాయ్: మామూలుగా అంతే. కానీ ఎర్రమట్టి రోడ్డు మీద లారీ వెనక స్కూటర్ మీద వెళ్ళావా ఎప్పుడైనా? దుమ్ము అణిగేదాకా ఆగుతావు కదా. పెద్ద విమానం రెక్కల చివర్ల నుంచి గాలి సుడులు తిరుగుతూ వెనకే ఉండిపోతుంది. కంటికి కనబడదు, అంతే తేడా. 136 టన్నులు, ఆ పైన బరువుకి అనుమతి ఉన్నదాన్ని ‘హెవీ’ అంటాం. దాని వెనక మామూలు ఎయిర్‌బస్ 320 ఎగరాలంటే రెండు నిమిషాలు ఆగాలి. ప్రయాణికుల విమానాల్లో అన్నిటికన్నా పెద్దది ఏ380, దాని వెనకైతే మూడు. అదే 320 వెనక హెవీ వెళ్తే ఈ గాలి గొడవ లేదు.

నేను: అయితే చిన్నవాటినన్నిటినీ ముందు పంపేస్తే సరి.

బాబాయ్: హెవీవాడు ఊరుకుంటాడా? వాడూ టైముకి వచ్చి నిలబడ్డాడు. ఇంకో కిటుకుంది. ఎగిరిన వెంటనే రెండు విమానాల దారులు కనీసం 45 డిగ్రీలు విడిపోతే, మధ్యలో ఒక్క నిమిషం చాలు, గాలి సుడుల గొడవ లేకపోతే. ఒకే దారి అయితే రెండు వేసుకో. ఇద్దరు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి ఉన్నారనుకో. ఉత్తరం, ఉత్తరం, దక్షిణం అని పంపితే మూడు నిమిషాలు. దక్షిణంవాణ్ణి మధ్యలో పెడితే రెండే. స్ట్రిప్పులని ఉంటాయి, ఒక్కో విమానానికి ఒక్కో సన్నటి చీటీ. మా రోజుల్లో అవి కాగితాలే. చేత్తో పైకీ కిందికీ జరుపుతూ ఉండేవాళ్ళం, పేకముక్కలు సర్దుకున్నట్టు. గంటలో అలా నాలుగైదు నిమిషాలు మిగిలాయంటే ఇంకో మూడు విమానాలు పోతాయి.

నేను: లేచాక ఇక మీ పని అయిపోయినట్టేగా?

బాబాయ్: రన్‌వే చూసుకునే టవర్‌వాళ్ళ పని అయిపోతుంది, రేడార్ దగ్గర కూర్చున్నవాడి పని మొదలవుతుంది. వాడికి మూడు మైళ్ళ ఎడం కావాలి, లేదంటే ఎత్తులో వెయ్యి అడుగుల తేడా. పైకి లేచే విమానాల దారిని దిగేవాటి దారి కోస్తుంది కాబట్టి, పైన వస్తున్నవాడు దాటేదాకా కిందవాణ్ణి ఒక ఎత్తులో ఆపుతారు. వానాకాలంలో పెద్ద మబ్బులొస్తే కాగితం మీద గీసిన దారులు పనికిరావు. ప్రతి పైలట్‌దీ ఒకటే పాట, ‘ఎడమకి వెళ్తాను, కుడికి వెళ్తాను’.

నేను: ఇందాక ‘లైనప్ అండ్ వెయిట్’ అన్నావు. ‘వెయిట్ ఫర్ టేకాఫ్’ అనొచ్చుగా?

బాబాయ్: అనకూడదు. ఎగరమని చెప్పేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతి రద్దు చేసేటప్పుడు తప్ప ‘టేకాఫ్’ అన్న మాట మా నోట రాకూడదు. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనాలి. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే గుద్దుకున్నాయి, ఒకటి కేఎల్ఎమ్ సంస్థది, ఇంకొకటి పాన్ యామ్ సంస్థది. ఎగిరాక వెళ్ళాల్సిన దారి గురించి టవర్ చెప్పిన వాక్యంలో ‘టేకాఫ్ తర్వాత’ అన్న మాట దొర్లింది. కేఎల్ఎమ్ కెప్టెన్ కదిలిపోయాడు, ఎదురుగా పాన్ యామ్ ఉంది. 583 మంది పోయారు.

నేను: ఒక్క మాటతో...

బాబాయ్: ఒక్క మాటే కాదులే. పొగమంచు, తొందర, ఒకేసారి ఇద్దరు మాట్లాడితే రేడియోలో వచ్చే కీచుమనే చప్పుడు, అన్నీ కలిశాయి. మనం దిద్దుకోగలిగినవాటిలో మాట ఒకటి.

నేను: సరే, నా నలభై నిమిషాల సంగతి?

బాబాయ్: దిగాల్సిన చోట గంటకి ఇన్నే తీసుకోగలం అన్నారనుకో, ఢిల్లీలోని ఫ్లో మేనేజ్‌మెంట్ కేంద్రం లెక్కగట్టి బయల్దేరే చోటే నీకు ఒక టైము ఇస్తుంది. అక్కడికెళ్ళి గాల్లో గిరికీలు కొట్టేకంటే ఇక్కడ ఇంజన్లు ఆపుకుని కూర్చోవడం నయం. నువ్వు కూర్చున్నచోట ఆకాశం కాదమ్మా చూడాల్సింది. ఆ రోజు శంషాబాద్‌లో వాన పడుతోందా?

నేను: అయ్యో... అమ్మ ఫోన్ చేసింది. వడగళ్ళు పడుతున్నాయి, కరెంటు పోయింది, ఆటో దొరకదు, జాగ్రత్త అని.

బాబాయ్: మరి నన్నెందుకు తిట్టారు?