ఫోను ఇంటికొచ్చే వేళకి

హోస్ట్: నమస్కారం. 2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూతపడేసరికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసులో ఉన్న పిల్లల ఆన్‌లైన్ చదువుల గురించి ఈవేళ మాట్లాడుకుందాం. పదో తరగతి వాళ్ళ పరీక్షల గురించి అందరూ కంగారుపడ్డారు. చిన్నపిల్లల పక్కన అమ్మో నాన్నో కూర్చున్నారు. మధ్యలో ఉన్న వీళ్ళని మాత్రం “పెద్దవాళ్ళే కదా, చూసుకుంటార్లే” అని వదిలేశాం. మన రాష్ట్రంలో ఆ నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకే ముందు బడి తెరిచారు. వీళ్ళ వంతు ఆ తర్వాతే వచ్చింది. నాతో విజయవాడ నుంచి ఇద్దరున్నారు. ఇద్దరి పిల్లలూ ఆ ఏడాది ఏడో తరగతి. పిల్లల గుర్తింపు బయటికి రావద్దన్నారు కాబట్టి పేట పేరుతోనే పిలుచుకుందాం. పటమట నుంచి ఒక అమ్మ, బ్యాంకు ఉద్యోగి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేసే ఒక నాన్న. అన్నయ్యా, మీతో మొదలుపెడదాం.

ఆటోనగర్: మాకు ఇంట్లో ఒకటే ఫోనండి. లాక్‌డౌన్‌లో షెడ్డు మూసేసినన్నాళ్ళూ అది ఇంట్లోనే ఉంది, అప్పుడు పాఠాలు లేవు. పాఠాలు మొదలయ్యేసరికి షెడ్డు తీశారు. ఓనరు ఫోన్ చేస్తే ఎత్తాలి కదా, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాణ్ణి. నేను ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు పాప కూర్చుని, వాట్సాప్‌లో సార్లు పెట్టిన ఫోటోలు చూసి నోట్సులోకి ఎక్కించుకునేది.

హోస్ట్: పగలంతా?

ఆటోనగర్: టీవీలో సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చేవి. వాటిని వదిలేది కాదు. ఆ టీచరు ఏదన్నా ప్రశ్న అడిగితే మా పాప గట్టిగా జవాబు చెప్పేదని వాళ్ళమ్మ చెప్పింది. జవాబు తప్పయినా టీవీలో ఆవిడ “వెరీ గుడ్” అని ముందుకెళ్ళిపోయేది.

హోస్ట్: ఆ మాట విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేకపోతున్నాను. మేడమ్, మీ ఇంట్లో?

పటమట: మాకు ల్యాప్‌టాప్ ఉంది, వైఫై ఉంది. లాక్‌డౌన్‌లో కూడా బ్యాంకులు తెరిచే ఉన్నాయి కదండీ, నేను బ్రాంచికి వెళ్ళాల్సిందే. బాబు, మా అత్తగారు ఇంట్లో ఉండేవాళ్ళు. జూమ్ నలభై నిమిషాలకి ఆగిపోతే మళ్ళీ లింకు పెట్టేవాళ్ళు. ఆ మధ్యలో సగం మంది పిల్లలు మాయమయ్యేవాళ్ళు. మావాడు మాయమవలేదు. వాడికి మాట తడబడుతుందండీ. బడిలో ఎప్పుడూ చెయ్యెత్తలేదు. ఆన్‌లైన్‌లో నోరు విప్పక్కర్లేదు, చాట్‌లో టైపు చేస్తే చాలు. ఒకరోజు సైన్సు మేడమ్ ఫోన్ చేసి, “రోజూ ఇన్ని ప్రశ్నలు వేసేది మీవాడేనా?” అన్నారు. నేను క్యాష్ కౌంటర్ వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

హోస్ట్: అంటే మీకు అది మంచి కాలం.

పటమట: ఒక్క మాటలో చెప్పలేనండీ. 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూశారు, ఆగస్టు 16న తెరిచారు. ఆ రోజు గేటు దగ్గర చెయ్యి వదల్లేదు. పదమూడేళ్ళ పిల్లాడు. ప్రశ్నలన్నీ వాడి లోపలే ఉన్నాయి, నోటితో అడగాలంటే భయం. అయినా ఆన్‌లైన్‌ని నేను తప్పుపట్టను. మావాడిలాంటి పిల్లలకి రాసి అడిగే దారి తరగతి గదిలోనూ ఉండాల్సింది. బడి తెరవగానే దాన్ని తీసేశారు.

ఆటోనగర్: మేడమ్‌గారూ, మీరు ఏమీ అనుకోకండి. నేనైతే ఆ చదువు మళ్ళీ వద్దంటాను. మా పాపకి లెక్కల్లో మైనస్‌ల దగ్గర ఆగిపోయింది. మైనస్‌లో నుంచి మైనస్ తీసేస్తే కలుస్తుందేంటో తెలియలేదు. రాత్రి నేను పడుకుని ఉంటే లేపడం ఇష్టంలేక, ఫోటోలో ఉన్నది ఉన్నట్టు రాసేసుకుంది. నోట్సు చూస్తే అన్నీ కరెక్టే. మంచి దస్తూరీ. నేను కూడా బాగా చదువుతోందని మురిసిపోయాను.

హోస్ట్: ఎప్పుడు తెలిసింది?

ఆటోనగర్: ఎనిమిదో తరగతిలో. సమీకరణాలు వచ్చాయి, ఒక్కటీ చెయ్యలేకపోయింది. అప్పుడు సారు మొదటి వారంలోనే పట్టేశారు. “అమ్మాయి బోర్డు వంక చూడట్లేదు, పక్కపిల్ల పుస్తకం చూస్తోంది” అన్నారు. అదండీ, ఫోనులో కనపడనిది.

హోస్ట్: నాకూ అదే అనిపిస్తుంది. ఆ ఏడాది హాజరు తెలిసింది, హోంవర్క్ తెలిసింది, బిడ్డకి అర్థమైందో లేదో తెలియలేదు. ఏడో తరగతిలో పూర్ణ సంఖ్యలు, అంటే ఈ ప్లస్ మైనస్ లెక్కలు, జారిపోతే ఆ పైన బీజగణితం నిలబడదు. అయితే ఒకటి. మేడమ్ వాళ్ళ అబ్బాయి ముఖం బడిలో రోజూ కనిపిస్తూనే ఉంది, వాడి ప్రశ్న మాత్రం చాట్ వచ్చేదాకా ఎవరికీ కనపడలేదు. ఈ రెండూ నిజమే. తర్వాత ఏం చేశారన్నయ్యా?

ఆటోనగర్: పైవాటాలో బీటెక్ చదివే అమ్మాయి ఉండేది. మెట్లమీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో గీత గీసి సున్నా మధ్యలో పెట్టింది. ఇటు అడుగేస్తే ప్లస్, అటు అడుగేస్తే మైనస్ అని పాపని ఆ గీతమీద నడిపించింది. రెండు సాయంత్రాలు పట్టిందండి. రెండే సాయంత్రాలు! ఏడాదిపాటు బిడ్డ ఒక్కతే మోసింది దాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

పటమట: అన్నయ్యగారూ, మీరు పగలంతా షెడ్డులో ఉన్నారు. నేను బ్రాంచిలో ఉన్నాను. మనిద్దరం ఇంట్లో లేం.

ఆటోనగర్: నిజమేనమ్మా.

పటమట: ఇప్పుడెలా ఉంది పాపకి, లెక్కలు?

ఆటోనగర్: వచ్చాయమ్మా. 2024లో పది రాసింది, లెక్కల్లో బాగానే వచ్చాయి. కాకపోతే ఇప్పటికీ మైనస్ కనపడితే పేజీ అంచున పెన్సిలుతో చిన్న గీత గీసుకుంటుంది. మధ్యలో సున్నా పెట్టి, వేలితో రెండడుగులు అటు వేసి చూసుకుని, అప్పుడు జవాబు రాస్తుంది.