వారానికోసారి నూనె మర్దన: ఇంట్లో పెద్దవాళ్ళకు ఎలా చేయాలి, ఎక్కడ చెయ్యి వేయకూడదు

నమస్కారం అండి. ఉగాదికి, దీపావళికి ఒంటికి నూనె పట్టించి తలంటు పోసుకోవడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆ మర్దన ఏడాదికి రెండుసార్లు కాకుండా వారానికోసారి జరిగితే ఒంటికి ఏమవుతుంది, మనసుకి ఏమవుతుంది, ఎంతసేపు చేయాలి, ఎక్కడ అసలు చెయ్యి వేయకూడదు అన్నవి ఇవాళ వివరంగా చూద్దాం. అరవై దాటిన అమ్మానాన్నలకు, అత్తమామలకు ఇంట్లోనే చేద్దామనుకునే వాళ్ళను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

ముందు మోతాదు సంగతి. మందుకి మోతాదు ఉన్నట్టే మర్దనకీ ఉంది. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. మెడ నొప్పి అనగానే పది నిమిషాలు భుజాలు పిసికేసి, మర్నాడు మళ్ళీ నొప్పి వస్తే "మర్దన వల్ల ఏం లాభం లేదు" అనేస్తాం. అమెరికాలో చాలాకాలంగా మెడ నొప్పితో బాధపడుతున్న 228 మంది మీద చేసిన పరిశోధన 2014లో వెలువడింది. వాళ్ళను గుంపులుగా విడదీసి, కొందరికి అరగంట చొప్పున, కొందరికి గంట చొప్పున, వారానికి వేర్వేరు సార్లు నాలుగు వారాలు చేశారు. అరగంట చేయించుకున్న వాళ్ళకి, ఏమీ చేయించుకోని వాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వారానికి రెండు మూడుసార్లు గంట చొప్పున చేయించుకున్న వాళ్ళకి బాగా గుణం కనిపించింది.

మోకాళ్ళ అరుగుదల ఉన్న 125 మంది మీద 2012లో వచ్చిన ఇంకో పరిశోధన మనకు మరీ పనికొస్తుంది. అందులో వారానికోసారి గంట, ఎనిమిది వారాలు అన్న మోతాదు సరిపోయింది. అంతకంటే ఎక్కువ చేసినా పెద్దగా అదనపు లాభం లేదు. అయితే ఎనిమిది వారాల తర్వాత ఆపేశారు. 24వ వారంలో చూస్తే చేయించుకున్న వాళ్ళకీ మిగతా వాళ్ళకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అంటే మర్దన ఇచ్చే గుణం నిజమే, కానీ అది నిలవ ఉండదు. కొనసాగిస్తేనే ఉంటుంది. పండగకి పండగకి చేసుకునే అభ్యంగనం ఆరోజు హాయిగా ఉంటుంది, నడుం నొప్పికి మాత్రం పనిచేయదు.

ఇంకొకటి. 2011లో నడుం నొప్పి ఉన్న 401 మందిని తీసుకుని, కొందరికి ఒళ్ళంతా హాయిగా ఉండే మామూలు మర్దన, కొందరికి కండరాలను వెతికి పట్టి చేసే ప్రత్యేకమైన మర్దన, వారానికోసారి చొప్పున పది వారాలు చేశారు. రెండు రకాలూ దాదాపు ఒకేలా పనిచేశాయి. ఇంట్లో చేసేవాళ్ళు ధైర్యం తెచ్చుకోవాల్సిన విషయం ఇది. మీకు పెద్ద విద్య తెలియకపోయినా ఫర్వాలేదు. ఓపిగ్గా గంటసేపు చేయగలిగితే చాలు.

లోపల ఏం జరుగుతుంది? "విషాలు బయటికి పోతాయి", "లాక్టిక్ ఆసిడ్ (కండ కష్టపడినప్పుడు అందులో పుట్టే పదార్థం) కరిగిపోతుంది" అని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. 2012లో కెనడాలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, తర్వాత ఒక్క కాలికే పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల్లోంచీ చిన్న కండ ముక్కలు తీసి పోల్చి చూశారు. లాక్టిక్ ఆసిడ్‌లో మార్పేమీ లేదు. కానీ మర్దన పడిన కాల్లో వాపు కలిగించే సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడానికి తోడ్పడే సంకేతాలు పెరిగాయి. కండ కోలుకోవడానికి మర్దన సాయం చేస్తుందన్నమాట. అందుకని "రేపు రెండు లీటర్ల నీళ్ళు తాగి విషాలన్నీ కడిగేయాలి" అని ఎవరైనా చెబితే కంగారు పడకండి. దాహం వేసినంత తాగితే చాలు.

ఇక మనసు సంగతి. మన చర్మంలో, ముఖ్యంగా నూగు ఉండే చోట్ల, సన్నటి నరాల పోగులు కొన్ని ప్రత్యేకంగా నిదానమైన స్పర్శకే స్పందిస్తాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, సుమారు ఒంటి చర్మమంత వెచ్చగా ఉన్న చెయ్యి మెల్లగా జారితే అవి బాగా పలుకుతాయి. వేగంగా రుద్దినా, మరీ ఆగి ఆగి కదిలించినా అంతగా పలకవు. అవి మోసుకెళ్ళే కబురు మెదడులో ఇష్టాయిష్టాలకు సంబంధించిన భాగానికి చేరుతుంది. మీరు చెయ్యి వేసిన రెండు నిమిషాలకే అమ్మ ఊపిరి నిదానం అవడం, మాట మెత్తబడడం గమనించండి. అది ఊరికే రాదు.

ఒకసారి చేయించుకుంటే ఆ పూట ఆందోళన, గుండె వేగం, రక్తపోటు కాస్త తగ్గుతాయి. వరసగా చాలాసార్లు చేయించుకున్న వాళ్ళలో ఎప్పుడూ ఉండే ఆందోళన, దిగులు కూడా తగ్గాయని పరిశోధనలన్నీ కలిపి చూసిన 2004 నాటి సమీక్ష చెప్పింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ సగానికి సగం పడిపోతుందనే మాటలు మాత్రం నమ్మకండి. ఆ మార్పు చాలా స్వల్పం. అలాగే దిగులుకి డాక్టరు మందులు ఇచ్చి ఉంటే, మర్దన మొదలుపెట్టామని వాటిని ఆపకూడదు.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో మాట చెప్పాలి. భర్త గానీ భార్య గానీ పోయాక, పిల్లలు పెద్దయ్యాక, నెలల తరబడి వాళ్ళ ఒంటి మీద ఆప్యాయంగా ఒక చెయ్యి పడదు. "వద్దులే, నీకెందుకమ్మా శ్రమ" అని తప్పకుండా అంటారు. ఒళ్ళంతా చేస్తామని మొదలుపెట్టకండి. మొదటి వారం పాదాలు, పిక్కలు మాత్రం పట్టండి. రెండో వారం వాళ్ళే నడుం చూపిస్తారు.

ఇక పద్ధతి. నూనె ఒంటికంతటికీ 50 నుంచి 60 మిల్లీలీటర్లు, వీపుకొక్కదానికే అయితే మూడు చెంచాలు చాలు. చలికాలం గానుగ నువ్వుల నూనె బాగుంటుంది, ఎండాకాలం కొబ్బరి నూనె. కొత్త నూనె అయితే ముందురోజు మోచేతి మడతలో ఒక చుక్క రాసి మర్నాటిదాకా చూడండి. పొయ్యి మీద నేరుగా వేడి చేయొద్దు. నూనె గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో ఐదు నిమిషాలు ఉంచి, మీ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూసుకోండి. గోరువెచ్చగా ఉండాలి. షుగరు ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు కాలుతున్నా చెప్పరు. అందుకే చూడాల్సింది మీ మణికట్టు మీద.

మంచం మెత్తగా ఉంటే మీరు వేసే బరువంతా పరుపులోకి పోతుంది. నేల మీద బొంత, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆపైన పాత దుప్పటి పరవండి. ఫ్యాను తగ్గించండి. బోర్లా పడుకోబెడితే చీలమండల కింద చిన్న దిండు పెట్టండి. బోర్లా పడుకోలేని వాళ్ళను కుర్చీలో వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, కుర్చీ వీపు మీద దిండు వేసి ఛాతీ ఆనించమనండి. ఇదీ చక్కగా పనిచేస్తుంది.

ఇప్పుడు వీపు. నూనె ముందు మీ చేతుల్లో వేసుకోండి, వాళ్ళ వీపు మీద పొయ్యొద్దు. రెండు అరచేతులూ నడుం దగ్గర, వెన్నెముకకు చెరో పక్కన పెట్టి భుజాల దాకా తీసుకెళ్ళి, పక్కల మీదుగా కిందికి దించండి. ఇలా ఒక ఐదు నిమిషాలు. తొందర వద్దు, కిందినుంచి పైదాకా వెళ్ళడానికి పది సెకన్లయినా పట్టాలి. ఈ ఐదు నిమిషాల్లోనే మీ చేతికి ఎక్కడ గట్టిగా ఉందో తెలిసిపోతుంది.

తర్వాత వెన్నెముకకు రెండు వేళ్ళ దూరంలో నిలువుగా తాడులా తగిలే కండ ఉంటుంది. అరచేతి కింద, మణికట్టుకి ఆనుకుని ఉన్న దళసరి భాగాన్ని దాని మీద పెట్టి, మోచెయ్యి నిటారుగా ఉంచి, మీ ఒంటి బరువుని ముందుకి వంచండి. చేతి బలం వాడొద్దు. ఊపిరి వదిలేటప్పుడు బరువు వెయ్యండి, పీల్చేటప్పుడు తియ్యండి. నడుం నుంచి భుజం రెక్కల దాకా ఒక్కో బెత్తెడు చొప్పున పైకి జరగండి. వెన్నెముక ఎముక మీద ఎప్పుడూ నొక్కకూడదు. చివరి పక్కటెముకల కింద, రెండు పక్కలా కిడ్నీలు ఉండే చోట గుద్దడం, చరచడం వద్దు.

భుజం రెక్కకీ వెన్నెముకకీ మధ్య శనగగింజంత గడ్డలా తగిలే చోట్లు ఉంటాయి. అక్కడ అందరూ చేసే పొరపాటు బొటనవేలితో గరగరా రుద్దడం. అలా చేస్తే వాళ్ళకి కమిలిపోతుంది, మీ బొటనవేలి కీలు కూడా నొప్పెడుతుంది. వేళ్ళ మెటికలతో గానీ, ఒక బొటనవేలి మీద రెండోది పెట్టి గానీ, కదపకుండా 30 నుంచి 60 సెకన్లు ఒత్తి పట్టుకోండి. గడ్డ మెత్తబడడం చేతికి తెలుస్తుంది. తెలియకపోతే వదిలేసి పక్కకి వెళ్ళండి, వచ్చే వారం మళ్ళీ చూడొచ్చు.

ఎంత గట్టిగా? పదికి ఐదు, ఆరు. అబ్బా, హాయిగా ఉంది అనేంత నొప్పి ఫర్వాలేదు. ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్ళు ముడుచుకున్నా, పిడికిలి బిగించినా మీ చెయ్యి ఎక్కువైందని అర్థం. నోటితో "బానే ఉంది" అన్నా నమ్మకండి. కండ భయంతో బిగుసుకుంటే ఎంత నొక్కినా లోపలికి వెళ్ళదు. అలాగని మరీ తేలిగ్గా నిమిరినా లాభం ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద అమెరికాలో 1986లో చేసిన పరిశోధనలో, రోజుకి మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున పది రోజులు మర్దన చేస్తే, చేయని పిల్లల కంటే రోజువారీ బరువు 47 శాతం ఎక్కువ పెరిగింది. అక్కడ కూడా పనిచేసింది ఓ మోస్తరు ఒత్తిడే. అలాంటి పిల్లలకు డాక్టరు చెబితేనే చేయాలి. ఏ పిల్లలకైనా ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, రొమ్ములు పిండడం మాత్రం ఈరోజే మానేయండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, రొమ్ము పిండితే చీము పడుతుంది.

కాళ్ళకి చీలమండ నుంచి మోకాలి వైపు, ఎప్పుడూ కిందినుంచి పైకే. మోకాలి వెనక గుంటలో నొక్కొద్దు, అక్కడ రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి. రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగిన చోట ఒత్తిడి వద్దు. పాదాలకు అరికాలి మధ్యలో మడమ నుంచి వేళ్ళ దాకా బొటనవేలితో గీతలా లాగండి, ఐదారుసార్లు.

ఇప్పుడు అసలు చేయకూడని సందర్భాలు. ఇది జాగ్రత్తగా వినండి. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి నొప్పి పెడుతుంటే దాన్ని ముట్టుకోవద్దు. ఆపరేషన్ తర్వాతో, చాలాసేపు బస్సులోనో విమానంలోనో కూర్చున్నాకో, రోజుల తరబడి మంచాన ఉన్నాకో అలా వస్తే మరీ అనుమానించాలి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. "కండ పట్టేసింది" అని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద పుండు గానీ తామర గానీ ఉన్నచోట వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు, ఎముకలు గుల్లబారిన వాళ్ళకు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు డాక్టరుని అడిగాకే, అదీ తేలిగ్గానే.

మెడ ముందు వైపు చెయ్యి వేయొద్దు. మెడ పట్టి టక్కున విరవడం ఎవరి చేతా చేయించుకోవద్దు. క్షవరం అయ్యాక అలవాటుగా అలా తిప్పేస్తుంటారు, ముందే వద్దని చెప్పండి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. నడుం నొప్పితో పాటు కాలు మొద్దుబారడం, కాలిలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం ఉంటే అది మర్దనతో తేలేది కాదు.

అయిపోయాక వెంటనే లేపొద్దు. ఐదు పది నిమిషాలు దుప్పటి కప్పి పడుకోనివ్వండి, తర్వాత పక్కకి తిరిగి మెల్లగా కూర్చోమనండి. చటుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. లేవకముందే అరికాళ్ళు, వేళ్ళ సందులు పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. నూనె కాళ్ళతో బాత్రూం టైల్స్ మీద అడుగుపెట్టి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం అన్నిటికంటే సులువుగా జరిగే ప్రమాదం. అరగంట ఆగి, గోరువెచ్చటి నీళ్ళతో, సున్నిపిండితో స్నానం చేయించండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఏదీ లేకపోతే ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాళ్ళు బయటికి వచ్చాక నేల మీద సబ్బునీళ్ళు పోసి కడిగేయండి, మిగిలిన జిడ్డుకి తర్వాత వెళ్ళేవాళ్ళు జారుతారు.

హాస్టళ్ళలో ఉన్న పిల్లలు, గల్ఫ్‌లో గదుల్లో ఉంటూ రోజంతా బరువులు మోసేవాళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళు మాకెవరు చేస్తారని అడగొచ్చు. ఒక టెన్నిస్ బంతిని పాత సాక్సులో వేసి ముడి కట్టండి. గోడకి వీపు ఆనించి, బంతిని రెక్కకీ వెన్నెముకకీ మధ్య పెట్టి, సాక్సు కొసని భుజం మీదుగా ముందుకి తెచ్చి పట్టుకోండి, జారదు. మోకాళ్ళు కొంచెం వంచి మెల్లగా పైకీ కిందికీ కదలండి. నొప్పి తగిలిన చోట ఆగి నాలుగైదు నిండు ఊపిరులు తీసుకోండి. ఒక్కో పక్కకి మూడు నిమిషాలు, పిర్రల దగ్గర ఇంకో మూడు నిమిషాలు. పాదాలకైతే కుర్చీలో కూర్చుని అదే బంతిని అరికాలి కింద దొర్లించండి. బంతి వెన్నెముక మీదికి వస్తే రెండు వేళ్ళ మేర పక్కకి జరపండి. కాల్లోకి జివ్వున లాగినట్టు అనిపిస్తే ఆ చోటు వదిలేయండి.