హిదాయా రాతప్రతిని ఎలా చదవాలి? నాలుగు తరాల వాదన ఒకే పేజీలో

[తెరపై: అరబిక్ రాతప్రతి, ఒక పేజీ మొత్తం]

మొదటిసారి ఇలాంటి పేజీ చూస్తే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అర్థం కాదు. మధ్యలో నల్ల సిరాతో అసలు పాఠం, అక్కడక్కడా ఎర్ర సిరాతో ఒక మాట, కొన్ని మాటల నెత్తిన ఎర్ర గీత, లైన్ల మధ్యలో చీమల బారులా సన్నటి అక్షరాలు, ఇక మార్జిన్లలోనైతే ఏటవాలుగా, ఒక్కోసారి తలకిందులుగా, ఎక్కడ జాగా దొరికితే అక్కడ రాసుకుంటూ పోయారు.

ఇది గజిబిజి కాదండీ. ఈ పేజీలో నలుగురైదుగురు మాట్లాడుతున్నారు, వాళ్ల మధ్య వందల ఏళ్ల దూరం ఉంది. ఎవరు ఎక్కడ మాట్లాడుతున్నారో గుర్తుపట్టడం వస్తే చాలు, మిగతాదంతా దారిలోకి వస్తుంది. ఈ వీడియోలో అదే చూద్దాం. ఉదాహరణకి నేను తీసుకున్న పుస్తకం హిదాయా. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో, అంటే ఫిఖ్‌లో, హనఫీ సంప్రదాయానికి దీన్ని మించి ప్రచారం పొందిన వ్యాఖ్యానం మరొకటి లేదనే చెప్పొచ్చు. మన దేశంలో కోర్టులు కూడా ఏళ్ల తరబడి దీన్ని ముందు పెట్టుకుని తీర్పులు చెప్పాయి.

[తెరపై: ఫర్గానా లోయ మ్యాప్]

రాసినాయన బుర్హానుద్దీన్ మర్గీనానీ. ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని ఫర్గానా లోయ మనిషి, 1197లో చనిపోయాడు. ఆయన ముందు బిదాయా అని ఒక చిన్న మూలగ్రంథం రాసుకున్నాడు. అది కూడా పూర్తిగా సొంతం కాదు. హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన అబూ హనీఫా శిష్యుడు ముహమ్మద్ షైబానీ (805లో మరణించాడు) రాసిన ఒక పుస్తకాన్ని, బాగ్దాద్ పండితుడు ఖుదూరీ (1037లో మరణించాడు) రాసిన సంగ్రహాన్ని కలిపి తయారుచేశాడు. దానికి మళ్లీ తనే ఒక పెద్ద వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. అది ఎనభై సంపుటాలకు పెరిగిందని సంప్రదాయంలో చెప్తారు. చివరికొచ్చేసరికి ఆయనకే భయం పట్టుకుంది, ఇంత పెద్దది ఎవరు చదువుతారు, మూలాన్ని కూడా వదిలేస్తారేమో అని. అప్పుడు క్లుప్తంగా మరొకటి రాయడానికి కూర్చున్నాడు. అదే హిదాయా. 573 హిజ్రీలో, అంటే 1178లో మొదలుపెట్టి 13 ఏళ్లు రాశాడట. ఆ 13 ఏళ్లూ ఉపవాసాలుండేవాడని, ఆ సంగతి ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదని ఒక కథ ఉంది. పనివాడు అన్నం తెస్తే అక్కడ పెట్టి వెళ్లమనేవాడు, తర్వాత ఎవరో ఒక విద్యార్థికి పెట్టేసేవాడు, ఖాళీ పళ్లెం చూసి పనివాడు ఈయనే తిన్నాడనుకునేవాడు. నిజమో కాదో పక్కన పెడితే, ఈ పుస్తకం మీద తర్వాతి తరాలకు ఎంత గౌరవం ఉందో ఈ కథలో తెలుస్తుంది.

సరే, మళ్లీ పేజీలోకి వద్దాం.

[తెరపై: ఎర్ర సిరా మాటలు పెద్దవిగా]

ఎర్ర సిరా, పైన గీత, ఇవి మూలానికీ వ్యాఖ్యానానికీ మధ్య గోడలు. రాతప్రతుల్లో కామాలు, కొటేషన్ గుర్తులు ఉండవు కదా, మూలం ఎక్కడ ఆగింది, వివరణ ఎక్కడ మొదలైంది అనేది రంగుతోనే తెలియాలి. కొన్ని ప్రతుల్లో మూలానికి ఒక అక్షరం, వ్యాఖ్యానానికి ఒక అక్షరం గుర్తుగా పెడతారు. హిదాయాలో "ఖాల" (అన్నాడు) అనే మాట కనిపిస్తే చాలాసార్లు మూలం మొదలవుతోందని అర్థం. ఇంకో విషయం నాకు చాలా ఇష్టం. మర్గీనానీ తన సొంత అభిప్రాయం చెప్పేటప్పుడు "ఈ బలహీన సేవకుడు అన్నాడు" అని రాసుకునేవాడు. ఆయన పోయాక శిష్యులు అక్కడ "ఆయన అన్నాడు, అల్లాహ్ ఆయన పట్ల సంతుష్టుడగుగాక" అని మార్చేశారు. గురువు తనని తాను తగ్గించుకుని రాసిన మాటని తమ చేత్తో రాయడానికి మనసొప్పలేదు. ఇవాళ మనం చదివే పాఠంలో ఆ శిష్యుల చెయ్యి కూడా ఉంది.

ఇప్పుడు ఒక సమస్య తీసుకుని లోపలికి వెళ్దాం, లేకపోతే ఇదంతా గాల్లో మాటల్లా ఉంటుంది.

[తెరపై: "షుఫా" అధ్యాయం ప్రారంభం]

షుఫా. అంటే మీ పక్కింటాయన ఇల్లు బయటివాళ్లకు అమ్మేస్తే, అదే ధర కట్టి ఆ ఇల్లు మీరు తీసుకునే హక్కు. హిదాయా ప్రకారం ఇది ముందు ఆ ఆస్తిలో వాటాదారుకి, తర్వాత దారీ నీళ్లూ ఉమ్మడిగా వాడుకునేవాడికి, ఆ తర్వాత గోడ పక్క ఇరుగుపొరుగుకి. వరస ఇది, ఇంతవరకు మూలం.

వ్యాఖ్యానం ఇక్కడ మొదలవుతుంది. మర్గీనానీ ముందు ఎదుటివాడి వాదన పెడతాడు. హనఫీలకి పోటీగా ఉన్న ఇంకో సంప్రదాయానికి మూలపురుషుడు ఇమాం షాఫియీ ఏమంటాడంటే, పొరుగువాడికి ఈ హక్కే లేదు. యజమాని ఒప్పుకోకుండా ఒకరి ఆస్తి ఇంకొకరు తీసుకోవడమే మామూలు నియమానికి విరుద్ధం. దానికి మినహాయింపు వచ్చింది పంచుకోని ఉమ్మడి ఆస్తికి మాత్రమే, పంపకాల ఖర్చూ గొడవా తప్పించడానికి. పొరుగువాడి విషయంలో పంపకమే లేదు కదా, ఆ మినహాయింపు అతనికెలా వర్తిస్తుంది? గట్టి వాదనే. మర్గీనానీ దీన్ని ఎక్కడా పలచన చెయ్యడు, పూర్తి బలంతో మన ముందు పెడతాడు.

తర్వాత హనఫీల జవాబు. పొరుగువాడికి ఎక్కువ హక్కు ఉందని చెప్పే హదీసులు (ప్రవక్త మాటలు) ముందు చెప్పి, కారణం దగ్గరికి వస్తాడు. మీ ఇల్లూ ఆ ఇల్లూ ఎప్పటికీ ఆనుకునే ఉంటాయి, కాబట్టి చెడ్డ పొరుగు వస్తే ఆ బాధ కూడా ఎప్పటికీ పోదు. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పుకోవాలంటే కొత్తగా వచ్చినవాడు తప్పుకోవడమే న్యాయం, ఎందుకంటే పాతవాణ్ణి తాతముత్తాతల నాటి స్థలం నుంచి కదిలించడం ఇంకా పెద్ద కష్టం. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఈ అధ్యాయం చదవాలంటాను.

ఒక చిట్కా: హిదాయాలో మర్గీనానీ మొగ్గు ఏ పక్షానికో ఆ పక్షం వాదన మామూలుగా చివర్లో వస్తుంది. ఈ పద్ధతి తెలియకుండా మధ్యలో ఒక ముక్క చదివితే, ఆయన ఒప్పుకోని మాటని ఆయనకే అంటగట్టేస్తాం.

ఇంకా ఉంది. అమ్మకం సంగతి తెలిసిన క్షణంలోనే "నాకు కావాలి" అనాలి, ఆలస్యం చేస్తే హక్కు పోతుంది. ఎంత వెంటనే అంటే, ఆ కబురు ఉత్తరంలో మొదట్లోనో మధ్యలోనో ఉంటే, మీరు తీరిగ్గా చివరిదాకా చదివి అప్పుడు అడిగితే పోయినట్టే! ఎక్కువమంది పండితుల మాట ఇది. కానీ ఆ కూర్చున్న చోటు నుంచి లేచేదాకా టైమ్ ఉంటుందని ఇంకో కథనం కూడా పక్కనే ఇస్తాడు. మరి కబురు వినగానే నోట్లోంచి "అల్హందులిల్లాహ్" (అల్లాహ్‌కే స్తుతి) అని వస్తే? హక్కు పోదు అంటాడు, ఎందుకంటే అది పాత పొరుగువాడి పీడ వదిలినందుకు కృతజ్ఞత కావచ్చు. "సుబహానల్లాహ్" (అల్లాహ్ పరమ పవిత్రుడు) అంటే? అది మాట మొదలుపెట్టడం, అదీ పరవాలేదు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ధర్మశాస్త్రంలో ఇరుగుపొరుగు తగాదాల్ని ఇంత దగ్గరగా గమనించిన మనిషి కనిపిస్తాడు.

[తెరపై: మార్జిన్ దగ్గరగా]

ఇప్పుడు మార్జిన్లు. హిదాయా మీద మళ్లీ వ్యాఖ్యానాలు వచ్చాయి. 1384లో చనిపోయిన బాబర్తీది ఇనాయా. 1457లో చనిపోయిన ఇబ్న్ హుమామ్‌ది ఫత్హుల్ ఖదీర్. ఈయన మర్గీనానీ చెప్పిన హదీసుల్ని ఒక్కొక్కటే పట్టుకుని పరీక్షిస్తాడు, నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్తాడు. పుస్తకం పూర్తి కాకముందే ఆయన పోతే, వంద ఏళ్లకు పైగా గడిచాక ఖాజీజాదా అనే ఆటోమన్ పండితుడు మిగతాది రాశాడు. ఇనాయా మీద 1539లో పోయిన సాదీ చెలెబీ ఇంకో టీక. వీటి ముక్కలన్నీ విద్యార్థులు తమ ప్రతుల మార్జిన్లలో ఎక్కించుకునేవాళ్లు, అందుకే మదర్సా ప్రతుల్లో లైన్ల మధ్య కావాలనే జాగా వదిలేవాళ్లు.

అయితే మార్జిన్లో ఉన్న ప్రతి మాటా వ్యాఖ్య కాదు. "సహ్" అనే చిన్న మాట పక్కనుంటే అది లేఖకుడు వదిలేసిన పదాన్ని తర్వాత చేర్చినట్టు, అది అసలు పాఠంలో భాగమే. "బలగ" అని ఉంటే ఇక్కడిదాకా వేరే ప్రతితో సరిచూశాం అని గుర్తు. ఈ రెండోది వరసగా కనిపిస్తే ఆ ప్రతి మీద నమ్మకం పెరుగుతుంది. పేజీ అడుగున మూలలో ఒంటరిగా ఉన్న మాట తర్వాతి పేజీ మొదటి మాట, కాగితాలు తారుమారైతే వరస పట్టుకోవడానికి. చివరి పేజీలో లైన్లు చిన్నవవుతూ త్రికోణంగా ముగిస్తే అది లేఖకుడి ముగింపు మాట, పేరు, తేదీ అక్కడే వెతకాలి. కొన్ని ప్రతుల్లో "యా కబీకజ్" అని కూడా ఉంటుంది, పురుగులు పట్టకుండా చేసే ప్రార్థన అది.

[తెరపై: 1791 ముద్రిత పుస్తకం మొదటి పేజీ]

ఇక మన దేశం సంగతి. వారెన్ హేస్టింగ్స్ కాలంలో కంపెనీ కోర్టుల కోసం హిదాయాని ముందు పారసీలోకి మార్పించారు, ఆ పారసీ నుంచి చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1791లో లండన్‌లో అచ్చయింది. నమాజు, హజ్ లాంటి ఆరాధన అధ్యాయాలు వదిలేశారు, కోర్టుకి పనికొచ్చేవే ఉంచారు. అరబిక్ రాని జడ్జీలు దీన్ని చట్టం పుస్తకంలా పట్టుకున్నారు. నా గట్టి అభ్యంతరం ఇక్కడే. ఇది వాదనల పుస్తకం. ఒక ఖాజీ తన ముందున్న కేసుకి తగ్గట్టు ఆ వాదనలతో తర్కించాలి, తర్వాత వచ్చిన వ్యాఖ్యలు చూడాలి. మార్జిన్లు తీసేసి మధ్య భాగాన్నే సెక్షన్లలా చదివితే, ఆ సంప్రదాయంలో ఉన్న కదలికంతా పోతుంది.

మనకి ఇది కొత్త కాదు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. ఉమ్మడి ఆస్తి కేసుల్లో స్మృతి కన్నా ఆ వ్యాఖ్యే చట్టమై కూర్చుంది. 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి కూడా తెచ్చాడు.

షుఫా సంగతికొస్తే, 1870లో మద్రాసు హైకోర్టు ఈ హక్కు ఆస్తి అమ్ముకునే స్వేచ్ఛకి అడ్డమని ఒప్పుకోలేదు, కాబట్టి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమల్లో అది చట్టంగా నిలవలేదు. ఉత్తరాదిలో మాత్రం చాలాకాలం నడిచింది. కేవలం పొరుగువాడు అయినందుకు వచ్చే షుఫా రాజ్యాంగానికి విరుద్ధమని 1962లో సుప్రీంకోర్టు భావూరాం కేసులో చెప్పింది. చూశారా, షాఫియీ వేసిన ప్రశ్న, అమ్మేవాడి ఇష్టం సంగతేంటి అన్నది, వేరే దారిలో మళ్లీ కోర్టుకొచ్చింది.

[తెరపై: హైదరాబాద్ మ్యాప్]

అరబిక్ రాతప్రతులు చూడాలనుకునేవాళ్లకి హైదరాబాద్‌కి మించిన చోటు తక్కువ. సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, ఉస్మానియా క్యాంపస్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఎన్నో అరబిక్ గ్రంథాల్ని రాతప్రతుల నుంచి పరిష్కరించి అచ్చేసింది. షైబానీ యుద్ధనియమాల గ్రంథానికి హనఫీ పండితుడు సరఖ్సీ రాసిన వ్యాఖ్యానం కూడా వాటిలో ఉంది. ఆ వ్యాఖ్యానాన్ని సరఖ్సీ మధ్య ఆసియాలోని ఉజ్గంద్ ఊరి జైల్లో ఉండగా మొదలుపెట్టాడు.

మీ ఇంట్లో తాతల నాటి అరబిక్, పారసీ ప్రతులుంటే దయచేసి సెల్లోటేప్ అంటించకండి, లామినేషన్ అసలే వద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. చెదురుగా ఉన్న కాగితాల్ని మీకు తోచిన వరసలో పేర్చకండి, ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఫొటోలు తియ్యండి. తీసేటప్పుడు మధ్య పాఠం వరకే క్రాప్ చెయ్యకుండా కాగితం నాలుగు అంచులూ, ముద్రలూ, మొదటి పేజీ చివరి పేజీ పడేలా తియ్యండి. ప్రతి ఎవరిది, ఎప్పటిది అనేది చాలావరకు ఆ అంచుల్లోనే దొరుకుతుంది.